ఎర్ర దారం కట్టిన సీసా

మార్చి 3

తమ్ముడూ,

అక్కని. ఏడాది దాటాక రాస్తున్నాను, నా కోడిగీతలు చూసి గుర్తుపట్టావో లేదో. నీ ఇంటి నంబరు పాత కవరు మీద చూసి దించాను. అందులో ఉన్నది ఏడో ఒకటో తెలియలేదు. ఏడే వేశాను. ఇది వేరే ఇంటికి పోయి ఉంటే, బాబూ మీరెవరో గానీ, చెవిటి మెకానిక్కు ఇల్లంటే మీ వీధిలో ఎవరైనా చూపిస్తారు, కాస్త ఇచ్చేయండి. ఫోనులో వాడికి వినపడదు కాబట్టే ఈ తిప్పలన్నీ.

మరదలికి ఎలా ఉంది? మంచం మీద ఉన్న మనిషిని ఒకే పక్కన ఉంచకు, ఒళ్లు పుండవుతుంది. నీకు తెలుసులే. అయినా రాస్తున్నాను.

అసలు సంగతేమిటంటే, అమ్మాయి బండి తీస్తానంటోంది. మీ బావ పికప్పు బండి. ముందు నవ్వులాట అనుకున్నాను. మొన్న షెడ్డు తాళం తీసి, కప్పిన గుడ్డ లాగి అవతల పడేసింది. బావ పోయాక అద్దాల కొట్టు అదే చూసుకుంటోంది. అద్దె బండ్ల మీద సరుకు పంపితే పదికి రెండు పగిలి చేరుతున్నాయట. ఆ డ్రైవర్లకి అద్దమైనా ఇటుకైనా ఒకటే కదా. మే పదిహేను నుంచి ఒక బడి కిటికీల పనంతా దీని చేతికొచ్చింది. ఆ లోపల మన బండి రోడ్డెక్కకపోతే కొట్టు మూసుకోవడమే అంటోంది.

నేను వద్దన్నాను. ఏడ్చాను. ఒక పూట అన్నం మానేశాను, రెండో పూట కళ్లు తిరిగి తినేశాను. దానికి చీమ కుట్టినట్టయినా లేదు. "నాన్న కాలు తడబడిందని ఆ ఇన్‌స్పెక్టరు కాగితం మీద రాసి పోయాడు. నువ్వూ నమ్మావు. నేను నమ్మను" అంది నా మొహం మీదే.

నమ్మానా అంటే ఏం చెప్పను. ఆఖరి నెలలో మీ బావ చెయ్యి మునుపటిలా లేదురా. గీత గీసి తడితే దారం తెగినట్టు విడిపోయే అద్దం, గీత తప్పి విరగడం మొదలుపెట్టింది. అంచుల్లో వెనక పూత లేచిపోయిందని మూడు నిలువుటద్దాలు తిప్పి పంపారు. "చేతికి వయసొచ్చిందే" అని నవ్వేవాడు. చేతికొచ్చిన వయసు కాలికి రాకుండా ఉంటుందా? ఆ వాలులో దిగుతూ ఏం తొక్కాడో ఏం తొక్కలేదో. కింద బస్టాపులో జనం ఉన్నారని గోడకేసి తిప్పాడు. అంతవరకే నాకు తెలుసు.

ముందువైపు రేకు పని అప్పుడే చేయించాం. లోపలిది ఎవరూ ముట్టుకోలేదు. వీధి చివర బండ్లు బాగుచేసే సణుగుడు మేస్త్రీ ఉన్నాడు, పనివాడే, కానీ నాకు నీ మాట మీదే గురి. ఆ బ్రేకులు నువ్వు వేసినవే కదా, వేసి రెండు నెలలైనా కాకముందే అలా అయింది. అందుకే నిన్నే అడుగుతున్నాను. ఏమేం చూడాలో, ఏమేం మార్చాలో రాయి.

నువ్వు నాకు అప్పగించిన పని మాత్రం నేను ఒక్క వారం కూడా తప్పలేదు. ఆఖరి ఆదివారం దాకా చేశాను.

ఇది చదివాక లేచి గ్యాసు కట్టేశావో లేదో చూసుకో.

అక్క


మార్చి 11

అక్కకి,

ఉత్తరం చేరింది. ఏడే.

"ఆ బ్రేకులు నువ్వు వేసినవే కదా" అన్నచోట ఆగిపోయాను. ఈ మాట ఎప్పుడొస్తుందా అని పదమూడు నెలలుగా చూస్తున్నాను. బావ పోయిన రోజు మీ గుమ్మంలో గంటసేపు నిలబడ్డాను, నువ్వు నా మొహం చూడలేదు. అడగాలనుకున్నప్పుడు అడుగుతుందిలే అని వచ్చేశాను. అడిగావు.

నా పనిలో లోపం లేదని రాద్దామని కూర్చున్నాను. కలం సాగలేదు.

బండిని తుక్కుకి ఇచ్చేయండి. నా చెయ్యి పడిన బండి అమ్మాయి ఎక్కడం నాకు ఇష్టం లేదు.

నీ మరదలు అలాగే ఉంది. గంటకోసారి తిప్పుతున్నాను.

తమ్ముడు


మార్చి 17

ఒరేయ్,

నీకేమైనా పిచ్చా? మేనకోడలికి నాలుగు మంచిమాటలు రాయమంటే తుక్కంటావా? నేనేదో నిన్ను నిలదీశానంటావు. నీ చేతి పని కాబట్టి నీకే బాగా తెలుస్తుందని రాశాను. ఆ ముక్క సరిగ్గా రాయడం రాలేదు కాబోలు. నాలుగో క్లాసు చదువు ఎంతవరకు పోతుంది!

నీ మొహం చూడలేదట. ఆ రోజు నేనెవరి మొహం చూశాను? నా కళ్లజోడు ఆ గోలలో ఎక్కడో పడిపోయింది. పది రోజుల తర్వాత బియ్యం డబ్బాలో దొరికింది, అందులోకెలా పోయిందో ఇప్పటికీ తెలియదు. నువ్వేమో మంచినీళ్లు కూడా ముట్టకుండా పోయావు. బావ పోయాడు, ఇక అక్కతో ఏం పని అనుకున్నాడు కాబోలని నేననుకున్నాను. తర్వాత నీ నుంచి ఒక్క ముక్క లేదు. నేను రాస్తే నీ మీద పడి ఏడ్చానంటావని నేనూ రాయలేదు.

చిన్నప్పటి నుంచీ అంతే నువ్వు. సైకిలు చక్రంలో నా చున్నీ పడితే నీ తప్పని మూడు రోజులు అటక దిగలేదు. చున్నీ నేనే వేలాడదీశాను కదరా.

మీ బావకి నీ పనంటే ఎంత గొప్పో నీకు తెలియదు. కొత్త బ్రేకులు పడ్డ మర్నాడు నన్నెక్కించుకుని ఆ వాలంతా దిగాడు. వెనక పెద్ద అద్దం. "నీ తమ్ముడు వేసిన బ్రేకే, అద్దానికి కూడా తెలియకుండా ఆగుతోంది చూడు" అన్నాడు. నా కుడికాలు ఊరికే ఉండదు కదా, ఆయన బ్రేకు వేసినప్పుడల్లా నేనూ నా వైపు నేలని తొక్కుతుంటాను. "ఈసారి వాడొస్తే నీ వైపు కూడా ఒకటి పెట్టిస్తాలే" అని ఎగతాళి.

అమ్మాయి ఆగేలా లేదు. పొద్దున్నే షెడ్డులో బండెక్కి, తాళం తిప్పకుండానే క్లచ్చి తొక్కి గేర్లు మారుస్తూ కూర్చుంటోంది. దాని తండ్రిలాగే నాలుక పళ్ల మధ్య పెట్టుకుని. నేను గోడ పక్కన నిలబడి చూసి వచ్చేస్తున్నాను. నువ్వు చెప్పకపోయినా అది తీస్తుంది. చెప్తే కాస్త భద్రంగా తీస్తుంది. ఇప్పుడు ఆలోచించుకో.

మెట్లు దిగేటప్పుడు రైలింగు పట్టుకో. వినపడని వాళ్లకి తూలుడు ఎక్కువట.

అక్క


మార్చి 25

అక్కా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను, రెండుసార్లూ బియ్యం డబ్బా దగ్గర నవ్వాను.

సరే, మేస్త్రీతో చెప్పు. ముందు టైర్లు. పైన చారలు నిండుగా ఉన్నాయని మోసపోవద్దు. ఏడాది ఒకేచోట నిలబడ్డ టైరు ఒకవైపు చదునైపోతుంది, పక్కల్లో సన్నటి పగుళ్లు పడతాయి. ఉంటే జాలిపడకుండా మార్చేయండి. స్టీరింగు రెండు వేళ్లకి మించి ఊరికే ఆడకూడదు. ముందు చక్రాలు జాకీ మీద లేపి పైనా కిందా పట్టి ఊపాలి, లొడలొడమంటే బేరింగులు పోయినట్టు. గోడకి తగిలిన బండి, కింద చట్రం ఎక్కడైనా వంగిందేమో తాడు పట్టి కొలవమను. హ్యాండ్‌బ్రేకు వేసి ఖాళీగా కాదు, బరువుతో వాలులో నిలబెట్టాలి. లైట్లు, వైపర్లు సరే. హారను మాత్రం నన్నడగకండి, అది మోగినా మోగకపోయినా నాకొకటే.

బ్రేకుల జోలికి మాత్రం మేస్త్రీని ఇప్పుడే రానివ్వకు. ముందు నువ్వొక పని చెయ్యి. బానెట్టు కింద, నీకు వారం వారం చూడమని చెప్పిన తెల్ల డబ్బా ఉంది కదా. దాని మూత తియ్యి. మూత లోపలివైపు నల్లటి రబ్బరు ముక్క ఉంటుంది. అది బిళ్లలా చదునుగా ఉందా, ఎలా ఉంది, ఉన్నదున్నట్టు రాయి. నాకొక అనుమానం ఉంది, అది నా మీదే.

ఇంకొకటి. టిన్నులో మిగిలిన బ్రేకు ఆయిలు నేనొక దగ్గుమందు సీసాలో పోసి, మెడకి ఎర్ర దారం కట్టి ఇచ్చాను గుర్తుందా? నీ భయం చూడలేక ఇచ్చిన పని అది. "గీత కంటే కిందికి దిగితే ఒక చెంచా పొయ్యి, ఇక బండి గురించి బెంగపడకు" అన్నాను. పోయడం అంటూ జరిగితే అందులోంచే పోశావు కదా?

ఊరికే అడుగుతున్నాను. కంగారు పడకు. నీకు ఆ మాట చెప్పడం కూడా దండగే.

తమ్ముడు


ఏప్రిల్ 1

తమ్ముడూ,

కంగారు పడకు అన్నావు కాబట్టి ఆ రోజంతా కంగారు పడ్డాను.

మేస్త్రీ వచ్చాడు. బండి కింద దూరి గంటసేపు సణిగాడు. దూరినవాడు సణుగుతుంటే బండే సణుగుతున్నట్టుంది. టైర్లు నాలుగూ మార్చాలన్నాడు. ఎడమవైపు చక్రాన్ని తిప్పే టై రాడ్డు వంగిందట. చట్రం మాత్రం చక్కగా ఉందట, "గోడకి కొట్టేటప్పుడు కూడా లెక్కగా కొట్టాడమ్మా అయ్యగారు" అన్నాడు. పొగిడాడో ఏమో అర్థం కాలేదు.

నువ్వు చెప్పినట్టే మూత నేనే తీశాను. రబ్బరు చదునుగా లేదు. బాగా ఏడ్చి లేచిన మనిషి కనురెప్పలా ఉబ్బి ఉంది. అంచులు ముడతలు పడి, ముట్టుకుంటే మెత్తగా జారుతోంది. డబ్బాలో ఉన్నది ఒక్క తీరుగా లేదు. పైన ఒక పొర, కింద ఒక పొర. గీత కంటే కిందికి మాత్రం దిగలేదు, చూశావా! కొత్త బ్రేకులు కదా, మొదట్లో కొంచెం కొంచెం దిగుతూ ఉండేది, నేను ఊరుకున్నానా? ఎర్ర దారం సీసాలోంచే పోశాను. వేరే దాంట్లోంచి పొయ్యడానికి నాకేం మతి లేదా? ఒట్టు.

ఆ సీసా ఇంకా కొట్టు కిటికీలోనే ఉంది. నువ్వడిగావని మూత తీసి వాసన చూశాను. ఏం చెప్పనురా, మీ బావ పని చొక్కా వాసన వచ్చింది. పొద్దుగూకి కొట్టు మూసి వచ్చి గుమ్మంలో చొక్కా విప్పుతాడే, అదే వాసన. ఆ సీసా ఒళ్లో పెట్టుకుని అక్కడే కూర్చుండిపోయాను. అమ్మాయి వచ్చి "ఏంటమ్మా" అంటే కళ్లలో దుమ్ము పడిందన్నాను.

రబ్బరు అలా ఉండటం మంచిదేనా? ఎండకి ఉబ్బిందేమో. తొందరగా రాయి.

మరదలి పక్క గుడ్డలు ఎండలో వేస్తున్నావా? నీడలో ఆరినవి ఒంటికి పడవు.

అక్క


ఏప్రిల్ 8

అక్కా,

కూర్చుని చదువు. కళ్లజోడు పెట్టుకో.

తప్పు నాదే. ఆ రబ్బర్లు నేను చవకరకం వేశాను. మంచివి దొరకలేదు, బావ తొందరలో ఉన్నాడు, ఇవే నడుస్తాయిలే అనుకున్నాను. అవి ఉబ్బిపోయాయి. ఉబ్బితే తొక్కిన బ్రేకు తిరిగి పూర్తిగా వదలదు. చక్రాన్ని పట్టుకునే ఉంటుంది. రాసుకుని రాసుకుని కాలిపోతుంది, చివరికి కావలసినప్పుడు పట్టదు. ఆ వాలులో జరిగింది అదే. బావ కాలు తడబడలేదు. ఆయన తొక్కే ఉంటాడు. ఎన్నిసార్లు తొక్కాడో.

ఇంకొకటి కూడా చెప్పాలి, ఇది ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు. పోవడానికి పది రోజుల ముందు బావ నాకు కార్డు రాశాడు. "బావమరిదీ, బండి బరువుగా కదులుతోంది, చక్రాలు వేడెక్కుతున్నాయి, ఒకసారి వస్తావా" అని. నీ మరదలు అప్పుడే మంచం పట్టింది. "కొత్త లైనింగులు బావా, నాలుగు రోజుల్లో సర్దుకుంటాయి" అని రాసి పడేశాను. ఆ కార్డు నా దిండు కింద ఉంది.

ఇప్పుడు చెయ్యాల్సింది. బ్రేకుల్లో రబ్బరన్నది ఒక్కటి కూడా మిగలకూడదు. మాస్టర్ సిలిండరు, చక్రాల దగ్గర సిలిండర్లు, గొట్టాలు, అన్నీ కొత్తవి. లోపలి పైపులు కడిగి ఆరబెట్టాలి. ఆ ఉబ్బిన రబ్బరు మేస్త్రీకి చూపించకు, పారేయ్. ఆ సీసా కూడా పారేయ్. ఇక మీద నువ్వేమీ పోయనక్కర్లేదు.

నన్ను క్షమించమని అడగను.

తమ్ముడు


ఏప్రిల్ 12

ఇంతకాలం దాచావా.

చవకరకం. మీ బావ నిన్ను కొడుకులా చూశాడు. నీ చేతిలో బండి పెట్టి కళ్లు మూసుకుని నడిపాడు. ఆయన రమ్మని రాస్తే ఒక కార్డు ముక్క మొహాన కొట్టావు. నేనేమో ఏడాది పాటు ఆయన కాలుని తప్పు పట్టాను, ఆయన కాలుని! కట్టుకున్నదాన్నయి ఉండి.

నువ్వు మా గుమ్మం తొక్కకు. నీ ఉత్తరాలూ వద్దు. అమ్మాయికి ఏం కావాలో మేస్త్రీ చూసుకుంటాడు.

రబ్బరు పారేయను. టిన్నులో దాచాను. ఎప్పుడైనా నీ మీద జాలి పుడితే తీసి చూసుకుంటాను.


ఏప్రిల్ 18

అక్కా,

రాయొద్దన్నా రాస్తున్నాను, ఇదొక్కసారికి. నువ్వన్న ప్రతి మాటా నిజం.

బ్రేకుల్లో గాలి తీసేటప్పుడు డబ్బాకి అన్నిటికంటే దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టమని మేస్త్రీకి చెప్పు. ఒకరు లోపల తొక్కుతూ ఉండాలి, ఒకరు కింద చక్రం దగ్గర గాలి మర విప్పుతూ ఉండాలి. తొక్కే పని అమ్మాయిని చెయ్యమను. పెడలు గట్టిపడటం దాని కాలికి తెలియాలి. మొదటి వారం వాలు వైపు పోవద్దని చెప్పు.

తమ్ముడు


ఏప్రిల్ 27

తమ్ముడూ, నా తండ్రీ,

ఇది రాయడానికి మూడు కాగితాలు చింపాను.

నీ ఉత్తరం వచ్చిన రోజే మేస్త్రీ బ్రేకులు విప్పాడు. చక్రాల దగ్గర రబ్బర్లన్నీ అలాగే ఉబ్బి ఉన్నాయి. నాకు నీ మీద ఒళ్లు మండి, టిన్నులోది తెచ్చి చూపించాను. "చూడు, నా తమ్ముడు వేసిన చవకరకం" అన్నాను. ఆయన దాన్ని వేళ్ల మధ్య నలిపాడు, వాసన చూశాడు. సణగడం ఆపేశాడు. ఆయన సణగకపోతే నాకు భయం వేసింది.

"ఇది చవకరకం కాదమ్మా. మంచి కంపెనీది, ఇదిగో అచ్చు కనపడుతోంది. ఇందులో ఎవరో నూనె పోశారు" అన్నాడు.

నేను ఊరుకుంటానా, దెబ్బలాడాను. ఆయన రెండు సాసర్లు తెమ్మన్నాడు. ఒకదాంట్లో బ్రేకు ఆయిలు, ఒకదాంట్లో కిటికీలోని ఎర్ర దారం సీసాలోది. రెండింట్లోనూ ఒక్కొక్క కొత్త రబ్బరు వేసి, "ముట్టుకోవద్దు, రెండు రోజులాగి చూడండి" అన్నాడు. బ్రేకు ఆయిలు పోసేటప్పుడు ఒక చుక్క బండి రెక్క మీద పడితే గబగబా తుడిచాడు. "ఇది పడితే రంగు పూత లేచిపోతుందమ్మా" అన్నాడు.

పూత లేచిపోతుంది. నిలువుటద్దాల వెనక పూత.

తమ్ముడూ, రెండు రోజులు ఆ సాసర్ల ముందు నుంచి కదల్లేదు. అన్నం పొయ్యి మీద మాడ్చేశాను, గ్యాసు సంగతి లోకానికి చెప్పేదాన్ని. మొదటి సాసరులోది వేసింది వేసినట్టే ఉంది. రెండోది రెండో పూటకే లావెక్కింది. మర్నాటికి కనురెప్పలా అయింది.

అప్పుడు గుర్తొచ్చింది. నువ్వు వచ్చి వెళ్లిన మూడో వారం. బావ అద్దం కోతకి వాడే నూనె కూడా అలాంటి దగ్గుమందు సీసాలోనే ఉంటుంది కదా. రెండూ జిడ్డుగా ఉన్నాయి, దుమ్ము పడుతోంది, పొరపాటున ఎవరైనా తాగుతారేమో, పట్టుకుంటే జారి పగులుతాయేమో, నాకు లేని భయమా! రెండూ పైపైన సబ్బు పెట్టి కడిగాను. తడుస్తుందని ఎర్ర దారం విప్పి పళ్ల మధ్య పట్టుకున్నాను. ఆరాక మళ్లీ కట్టాను. శుభ్రంగా, రెండు ముళ్లు వేసి. వేరే సీసాకి.

నెలరోజులు ఆదివారం ఆదివారం నేను బండిలో ఆయన కోత నూనె పోశాను. ఆయన బ్రేకు ఆయిలులో అద్దం కోసే చిన్న చక్రం ముంచి గీశాడు. అందుకే గీత తప్పింది. అందుకే పూత లేచింది. ఆయన చేతికి వయసు రాలేదురా. ఏమీ రాలేదు. నేను ఆ చేతిని ఒళ్లో పెట్టుకుని, పోనీలెండి, అందరికీ వచ్చేదే కదా అని ఓదార్చాను.

నీకు తెలుసు. చొక్కా వాసన అని నేను రాయగానే నీకు తెలిసిపోయింది. అందుకే చవకరకమన్నావు, అందుకే పారేయమన్నావు. నేను తిట్టిన తిట్లన్నీ మీదేసుకుని, గాలి ఎలా తీయాలో రాశావు.

ఇప్పుడు ఏం చెయ్యనురా.


మే 4

అక్కా,

అబద్ధం ఆడటం రాదు నాకు. మంచి కంపెనీ రబ్బరు వేసినవాడిని, అచ్చు ఉంటుందన్న సంగతే మరిచిపోయాను.

విను. నువ్వు పోశావు. నేను సర్దుకుంటుందన్నాను. బావ నూనె సీసాలాంటిదే ఎంచి నీకిచ్చింది నేనే. ఇందులో ఎవరి వాటా ఎంతో తూచే తరాజు ఎక్కడా లేదు. కార్డు సంగతి అబద్ధం కాదు. నేను ఆ రోజు బస్సెక్కి ఉంటే చక్రం మీద చెయ్యి పెట్టగానే తెలిసేది. కాబట్టి మొత్తం నీదే అని తీసుకెళ్లి దాచుకోకు. నాకూ కావాలి.

అమ్మాయికి చెప్పకు. నాన్నని పోగొట్టుకుంది, అమ్మని కూడా పోగొట్టుకోనివ్వకు. మేస్త్రీ దానితో నోరు జారకుండా నేను రాసి చూసుకుంటాను. నీ ఉత్తరం నీ మరదలికి కూడా చదివి వినిపించలేదు, నేను చదివితే వీధంతటికీ వినపడుతుంది.

నువ్వు అన్నం తింటున్నావా?

తమ్ముడు


మే 21

తమ్ముడూ,

చెప్పేశాను.

నువ్వు వద్దన్నావు, నేనూ వద్దనే అనుకున్నాను. కానీ బండి సిద్ధమైన రోజు అమ్మాయి ఆ ఇన్‌స్పెక్టరు కాగితం తీసింది. ఇన్నాళ్లూ బీరువాలో పెట్టుకుందట. "డ్రైవరు అజాగ్రత్త" అని ఉన్నచోట వేలు పెట్టి, "నేను రోజూ ఆ వాలు దిగి చూపిస్తానమ్మా, అప్పుడైనా నమ్ముతావా" అంది. వాళ్ల నాన్న మీద ఆ మాట అలాగే ఉండనిచ్చి నేను మంచిదాన్ని అయి కూర్చోవాలా? సాసర్లు రెండూ తెచ్చి దాని ముందు పెట్టాను. దారం సంగతి చెప్పాను. నిన్ను నేను తిట్టింది కూడా చెప్పాను.

అది అరిచి ఉంటే బాగుండేది. సాసర్లు తీసుకెళ్లి కడిగింది. రెండూ విడివిడిగా కడిగింది. తర్వాత తొమ్మిది రోజులు నాతో మాట్లాడలేదు. నా కంచం పెట్టేది, తన కంచం కొట్టుకి పట్టుకెళ్లేది. నేను తలుపు తీస్తే వేసేది, వేస్తే తీసేది. ఒకరోజు కొట్టులోంచి కోత చప్పుడు వినపడింది. ఎవరూ అడగని అద్దం, గీసి, తట్టి, గీసి, తట్టి, ఈనెల్లా కోస్తోంది. ఒక్క గీతా తప్పలేదు.

పదిహేనో తారీఖున బడి కిటికీల మొదటి సరుకు పోయింది. మేస్త్రీ పక్కన కూర్చున్నాడు, నేను గేటు దగ్గర నిలబడ్డాను. తొమ్మిదిన్నరకి వెళ్లిన పిల్ల ఎప్పుడొచ్చిందో తెలుసా? పన్నెండున్నరకి. ఆ మూడు గంటలూ నేనెలా ఉన్నానో రాయను. మేస్త్రీ దిగి, "ఒక్కటీ పగల్లేదు" అని సణిగాడు. అది నావైపు చూడకుండా లోపలికి పోయింది.

మొన్న ఆదివారం పెరట్లో ఉన్నాను. అది బానెట్టు లేపి నిలబెట్టి, నా దగ్గరకొచ్చింది. చేతిలో కంపెనీ సీలున్న బ్రేకు ఆయిలు డబ్బా. అచ్చంగా దాని తండ్రి గొంతుతో, "ఆదివారం కదా. లెవల్ చూడు" అంది.

నావల్ల కాదన్నాను. చేతులు వెనక్కి పెట్టుకున్నాను.

"మరెవరు చూస్తారు?" అంది.

క్షమించిందో లేదో అడగలేదురా. అడిగే మొహం లేదు. బండి దగ్గరకి వెళ్లాను. తెల్ల డబ్బా కొత్తది, బయట రెండు గీతలు. కళ్లజోడు పెట్టుకుని చూశాను, తుడుచుకుని మళ్లీ చూశాను. పై గీతకి గోరంత కింద ఉంది. మూత తీయలేదు. ఏమీ పోయలేదు. అది పక్కన నిలబడి, నేను ఏమీ పోయకపోవడం చూసింది.

"ఎంతుంది?"

"ఉండాల్సినంత ఉంది" అన్నాను.

బానెట్టు దించి, నా వైపు తలుపు తెరిచి, "ఎక్కు" అంది.

వాలంతా దిగాం. ఆ గోడ దగ్గర అది కొంచెం నెమ్మది చేసింది. కొత్త ఇటుకలు పాతవాటిలో ఇంకా కలవలేదు. బ్రేకు వేస్తే నాకు తెలియలేదు, అంత మెత్తగా వేసింది. నా కాలు మాత్రం దారంతా నేలని తొక్కుతూనే ఉంది.

ఆ కార్డు దిండు కింద నుంచి తీసెయ్యి. లేకపోతే నాకు పంపు, సగం రోజులు నేను పెట్టుకుంటాను.

ఈసారి నీకు జాగ్రత్తలేమీ చెప్పను. నా జాగ్రత్త ఎలాంటిదో చూశావు కదా.

అక్క